లక్షా ఎనిమిది వేలు కట్టి 14 లక్షల కవర్: గాజువాక కేసు ఒకటి

సంక్రాంతి వెళ్లిన వారం. కూర్మన్నపాలెం నుంచి ఒక తమ్ముడు భార్యతో కలిసి మా ఆఫీసుకి వచ్చాడు. నిజానికి బైక్ ఇన్సూరెన్స్ గురించి అడగడానికే వచ్చాడు. మాటల్లో "మొన్న బ్యాంకులో ఒక పాలసీ ఇచ్చారన్నయ్యా, ఏడాదికి 60,000, అది మంచిదేనా?" అన్నాడు. బాండ్ (పాలసీ పత్రం) ఎప్పుడొచ్చిందని అడిగాను. ఫోన్‌లో మెయిల్ వెతికి చూపించాడు. అప్పటికి 19 రోజులైంది. బైక్ సంగతి పక్కన పెట్టి, ఇంట్లో ఉన్న పాలసీ కాగితాలన్నీ ఆ సాయంత్రమే తెమ్మన్నాను.

నా గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే ఇన్సూరెన్స్ గురించి ఎవరు మాట్లాడినా వాళ్లకి ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తేనే ఆ మాటకి విలువ కట్టగలం. తొమ్మిదేళ్లు ఏజెంటుగా చేసి లైసెన్స్ వదిలేశాను. ఇప్పుడు ఫీజు తీసుకుని పాలసీలు చూసిపెడతాను, క్లెయిమ్ కాగితాలు రాసిపెడతాను. ఈ కేసులో నా ఫీజు 3,000. ఏ కంపెనీ నుంచీ నాకు రూపాయి రాదు. ఆ దంపతులని అడిగే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆయనకి 36 ఏళ్లు. పరవాడ ఫార్మా సిటీలో మెయింటెనెన్స్‌లో ఉద్యోగం, మూడు షిఫ్టులు, చేతికి 52,000. ఆమె ఇంట్లో మిషన్ కుడుతుంది, నెలకి 8,000 దాకా వస్తుంది. పాపకి ఏడేళ్లు, బాబుకి మూడు. ఆయన తల్లి వాళ్లతోనే ఉంటుంది. తండ్రి పోర్టులో కళాసీగా చేసి 54 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఇంటి లోన్ ఇంకా 21 లక్షలుంది, ఈఎంఐ 20,000.

పాలసీలు మూడు. మొదటిది 20 ఏళ్ల ఎండోమెంట్ (పొదుపూ బీమా కలిపినది), సమ్ అష్యూర్డ్, అంటే బీమా మొత్తం, 5 లక్షలు, ఏడాదికి 26,000, ఆరేళ్లు కట్టేశాడు. రెండోది మనీబ్యాక్ (మధ్యమధ్యలో కొంత డబ్బు వెనక్కి ఇచ్చేది), 3 లక్షలది, 15 ఏళ్లు 22,500 చొప్పున కట్టాలి, నాలుగు కట్టాడు. మూడోది ఈ కొత్తది, పదేళ్లు 60,000 చొప్పున కట్టాలి, కవర్ 6 లక్షలు. మొత్తం కలిపితే ఏడాదికి 1,08,500 కడుతున్నాడు. రేపు ఆయనకి ఏమైనా అయితే ఇంటికొచ్చేది 14 లక్షలు. లోన్ తీరడానికే ఇంకా ఏడు లక్షలు తక్కువ. నేను ఇది కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది పోయినప్పటి నుంచీ ఈయన నైట్ డ్యూటీకి వెళ్తే నాకు నిద్ర పట్టదన్నయ్యగారూ, కనీసం ఇన్సూరెన్స్ ఉందిలే అనుకునేదాన్ని" అంది.

అందుకే నేను డబ్బు ఆదా అనే మాటని కంపెనీ రేట్లు పోల్చడంతో మొదలుపెట్టను. పది కంపెనీల రేట్లు పోలిస్తే కొంత తేడా వస్తుంది, అంతే. అసలు డబ్బు పోయేది అంతకు ముందే, ఏం కొంటున్నామో తెలియకుండా సంతకం పెట్టినప్పుడు.

ముందు 60,000 సంగతి తేల్చాలి, ఎందుకంటే దానికి గడువుంది. ఇప్పుడు ఏ జీవిత బీమా పాలసీకైనా బాండ్ చేతికందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది. ఆ లోపు వద్దని రాసిస్తే స్టాంపు ఖర్చు, మెడికల్ టెస్ట్ చేయించి ఉంటే దాని ఖర్చు, కవర్ నడిచిన రోజులకి కొంత పట్టుకుని మిగతాది వెనక్కి ఇవ్వాలి. ఇంతకీ ఈ పాలసీ ఎందుకు తీసుకున్నావు తమ్ముడూ అంటే రెండు కారణాలు చెప్పాడు. టాప్-అప్ లోన్‌కి వెళ్తే "ఇది తీసుకుంటే మీ ఫైల్ తొందరగా కదులుతుంది" అన్నారట. రెండోది, పన్ను తగ్గుతుందన్నారట. లోన్ ఇచ్చేవాళ్ల దగ్గరే పాలసీ కొనాలని ఏ రూలూ లేదు. పన్ను సంగతైతే ఇంకా బాధేసింది. ఆయన స్థూల జీతం ఏడున్నర లక్షలు, ఉన్నది కొత్త పన్ను విధానంలో. అందులో 80సీ (ప్రీమియం చూపించి పన్ను తగ్గించుకునే సెక్షన్) లేదు, ఉన్నా పనిలేదు, 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటుతో పన్ను సున్నా. కట్టాల్సిన పన్నే లేని మనిషికి పన్ను ఆదా అని చెప్పి ఏడాదికి 60,000 చొప్పున పదేళ్లకి ఇరికించేశారు. బాండ్‌లో గ్యారంటీ అని రాసిన అంకెలన్నీ ఎక్సెల్‌లో వేసి చూస్తే రాబడి 5 శాతం పైచిలుకు, అంతే.

బ్యాంకుకి వెళ్తే సంబంధిత వ్యక్తి సెలవులో ఉన్నారు, వచ్చే వారం రమ్మన్నారు. ఇలాంటి చోట వచ్చే వారం అనే మాటని నమ్మకూడదు, గడువు నడుస్తూనే ఉంటుంది. అమ్మింది బ్యాంకైనా పాలసీ ఇచ్చింది ఇన్సూరెన్స్ కంపెనీ కాబట్టి ఆ రాత్రే నేరుగా కంపెనీకి మెయిల్ పెట్టించాను: ఫ్రీ లుక్‌లో రద్దు చేయండి అని ఒక్క వాక్యం, పాలసీ నంబరు, బాండ్ అందిన తేదీ, క్యాన్సిల్ చేసిన చెక్కు ఫోటో. మర్నాడు గాజువాకలో ప్రింటు తీసి కంపెనీ బ్రాంచిలో ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాడు. మళ్లీ మళ్లీ ఫోన్లొచ్చాయి, బోనస్ పోతుంది, లోన్‌కి ఇబ్బంది అని. రెండు వారాలలోపే 59,340 ఖాతాలో పడింది. లోన్‌కి ఏ ఇబ్బందీ రాలేదు.

ఒక సందేహం మీకూ వచ్చి ఉంటుంది: కొత్త పాలసీ చేతికి రాకుండా పాతది వదులుకోకూడదంటారు కదా అని. నిజం, నేనూ అదే చెబుతాను. కానీ ఇక్కడ 11 రోజులే మిగిలున్నాయి, కొత్త పాలసీకి మెడికల్స్ అయ్యేసరికి అంతకంటే ఎక్కువే పడుతుంది. వదులుకునేది 6 లక్షల కవర్. పీఎఫ్ ఉన్న ఉద్యోగి కాబట్టి ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటే ఉండే బీమా) కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా కుటుంబానికి వచ్చే ఏర్పాటు ఎలాగూ ఉంది, అది చాలామంది ఉద్యోగులకి తెలియదు. దానికి తోడు అదే రోజు బ్యాంకు యాప్‌లో 436 రూపాయల జీవన్ జ్యోతి (2 లక్షలు, మొదటి 30 రోజులు ప్రమాద మరణానికే), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) తీసుకోమన్నాను. ఆ నెలన్నర గడవడానికి అవి చాలు. ఈడీఎల్ఐని మాత్రం అసలు లెక్కలో కలపలేదు, ఉద్యోగం మానేస్తే అదీ పోతుంది.

ఇప్పుడు ఎంత కవర్ కావాలి. నేను పెద్ద ఫార్ములాలు వాడను. ఆయన లేకపోతే ఇల్లు నడవడానికి నెలకి 26,000, అంటే ఏడాదికి 3,12,000. బాబు చదువు అయ్యేదాకా 20 ఏళ్లు అనుకుంటే 62,40,000. ధరలు పెరుగుతాయి నిజమే, కానీ చేతికొచ్చిన డబ్బు మీద వడ్డీ కూడా వస్తుంది, ఒకదానికొకటి పోతాయని మామూలుగా హెచ్చవేశాను. లోన్ 21 లక్షలు, పిల్లలిద్దరి పై చదువులకి 15 లక్షలు. మొత్తం 98,40,000. పీఎఫ్‌లో ఉన్న 4 లక్షలు, పాత రెండు పాలసీల 8 లక్షలు తీసేస్తే 86,40,000. ఆమె కుట్టుపని ఆదాయం కలపలేదు, ఇంట్లో అంత పెద్ద దెబ్బ తగిలిన మనిషి మర్నాటి నుంచి మిషన్ ఎక్కుతుందని లెక్కలేయడం నాకు ఇష్టం ఉండదు. టర్మ్ పాలసీకి, అంటే పొదుపు కలపకుండా మనిషి పోతేనే డబ్బిచ్చే ఉత్త కవర్‌కి, 90 లక్షలకి కోట్ తీస్తే ఏడాదికి 23,700, కోటికి తీస్తే 24,200. పెద్ద మొత్తానికి రేటు తగ్గిస్తారు కాబట్టి ఇలా వస్తుంది. 500 తేడాకి కోటే తీసుకున్నాం.

ఎన్నేళ్లకి అన్నదగ్గర చాలా డబ్బు దాగుంటుంది. ఆన్‌లైన్‌లో కోట్ తీయగానే 75 ఏళ్లు, 85 ఏళ్లు అని ముందే నింపి చూపిస్తారు. ఆయనకి 75 దాకా అంటే 37,900. లోన్ 52కి తీరుతుంది, బాబుకి 22 వచ్చేసరికి ఈయనకి 55, ఆ తర్వాత రిటైర్మెంటు. 60 తర్వాత ఈయన జీతం మీద ఆధారపడే మనిషి ఇంట్లో ఎవరూ ఉండరు, భార్యకి అప్పటికి కావలసింది పెన్షన్ లాంటి పొదుపు, ఇన్సూరెన్స్ కాదు. 60కి ఆపేశాం. ఏడాదికి 13,700 మిగిలింది.

అప్పుడు ఆయన తల్లి అడిగింది. ఆమె మాట ఆ ఇంట్లో చెల్లుతుంది, మనీబ్యాక్ తీయించింది కూడా ఆమే. "మరి బతికుంటే ఏటొస్తది బాబూ?" ఏమీ రాదమ్మా అన్నాను. ఇక్కడే ఏజెంట్లు 'రిటర్న్ ఆఫ్ ప్రీమియం' చూపిస్తారు, కట్టిందంతా వెనక్కి ఇచ్చే రకం. దాని కోట్ 46,500. అంటే మామూలు టర్మ్ కంటే 22,300 ఎక్కువ. 24 ఏళ్ల తర్వాత 11,16,000 తిరిగిస్తారు, వినడానికి బాగుంటుంది. అదే 22,300 ఏటా పీపీఎఫ్‌లో వేస్తే, ఇప్పుడున్న 7.1 శాతమే అంతకాలం ఉందనుకుంటే, 14 లక్షలు దాటుతుంది, మధ్యలో అవసరమైతే కొంత తీసుకోవచ్చు కూడా. ఈ అంకెలు ఆమెకి ఎక్కలేదు. ఆమెది జాలరిపేట, పుట్టింటివాళ్లకి బోటుంది, 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడిన రాత్రి అందరితో పాటు పరుగెత్తుకెళ్లిన మనిషి. నేను బోటు ఇన్సూరెన్స్ గురించి చెబుతుంటే మధ్యలో ఆపి తనే అంది: "నాకర్థమైంది బాబూ, బోటు కాలకపోతే కట్టిన డబ్బు తిరిగిమ్మని ఎవడైనా అడుగుతాడేటి." తర్వాత ఆ ఇంట్లో ఈ ప్రశ్న మళ్లీ రాలేదు.

పాత పాలసీల దగ్గర నా మాటతో చాలామంది ఏకీభవించరు. ఇప్పుడు యూట్యూబ్ చూసి అందరూ ఒకే మాట అంటున్నారు: ఎండోమెంట్ అంటే దండగ, సరెండర్ చేసి (గడువుకి ముందే వదిలేసి ఇచ్చినంత తీసుకుని) పారేయ్ అని. కొత్తగా కొనేటప్పుడైతే నేనూ వద్దంటాను. కానీ ఆరేళ్లు కట్టేసిన పాలసీ వేరు. ఈ ఎండోమెంట్‌కి ఆయన కట్టింది 1,56,000, ఇప్పుడు సరెండర్ చేస్తే ఇస్తామన్నది 92,000. కట్టడం ఆపి పెయిడప్ చేస్తే సమ్ అష్యూర్డ్ లక్షన్నరకి తగ్గి, వచ్చిన బోనస్‌తో కలిపి చివర్లో 2,73,000 వస్తుంది. బోనస్ ఏటా సమ్ అష్యూర్డ్‌లో వెయ్యికి 41 చొప్పున ఇలాగే సాగితే, పూర్తిగా కడితే 9,10,000. అంటే ఇక మీదట కట్టబోయే 3,64,000కి అదనంగా వచ్చేది 6,37,000, రాబడి 7 శాతం పైనే, ప్రీమియం సమ్ అష్యూర్డ్‌లో పదో వంతు లోపే కాబట్టి దానిమీద పన్ను లేదు. మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఇదే పాలసీ 5 శాతం ఇస్తుంది. కమీషన్లు, ఖర్చులు మొదటి ఏళ్లలోనే ఎక్కువగా తినేశాయి, ఆ నష్టం ఎలాగూ అయిపోయింది, ఇప్పుడు చూడాల్సింది మిగిలిన భాగం. బోనస్‌కి గ్యారంటీ లేదని స్పష్టంగా చెప్పి, కొనసాగించమన్నాను. మనీబ్యాక్ కూడా అంతే. ఇంకో ఏడాదిలో 20 శాతం అంటే 60,000 చేతికి రావాలి, ఇప్పుడు వదిలేస్తే 48,000. ఉంచాం.

ఖైనీ సంగతికి వస్తాను. ఇది రాయాలనుకున్నదే ముఖ్యంగా దీని కోసం.

ప్రపోజల్ ఫారంలో పొగాకు ప్రశ్న దగ్గర ఆయన "లేదు" టిక్ చేయబోయాడు. నైట్ షిఫ్టులో నిద్ర రాకుండా ఖైనీ వేసుకుంటాడని ఆమె చెప్పింది. "ఖైనీ సిగరెట్టు కాదు కదన్నయ్యా" అన్నాడు. కంపెనీకి రెండూ ఒకటే: చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ ఏదైనా నికోటినే, మూత్రం టెస్టులో తెలుస్తుంది. పొగాకు లేకపోతే 14,600, ఉంటే 24,200. ఏడాదికి 9,600 తేడా. దగ్గరి చుట్టం ఒకాయన ఏజెంటు, ఆయన సలహా ఇది: లేదని రాసెయ్, మూడేళ్లు దాటితే ఎవరూ ఏమీ అనలేరు. చట్టంలో సెక్షన్ 45 అలాగే ఉంది, పాలసీకి మూడేళ్లు నిండాక ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించకూడదు. కానీ ఆ మూడేళ్లలోపు మాత్రం ప్రశ్నించవచ్చు.

నేను ఏజెంటుగా ఉన్న రోజుల్లో పెదగంట్యాడ వైపు ఒక లారీ డ్రైవర్ కుటుంబానికి క్లెయిమ్ కాగితాలు పట్టుకుని తిరిగాను. ప్రపోజల్ రాసింది నేను కాదు. పాలసీ తీసుకున్న రెండో ఏడే ఆయన పోయాడు. ఆసుపత్రి కేస్ షీట్‌లో డాక్టర్ అడిగితే ఇంట్లోవాళ్లే చెప్పారు, పదేళ్లుగా గుట్కా అలవాటని. ప్రపోజల్‌లో లేదని ఉంది. క్లెయిమ్ రాలేదు. ఆ అమ్మాయి ఇద్దరు పిల్లలతో మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని "కట్టించుకున్నప్పుడు ఎవరూ అడగలేదే" అంటూ ఉంటే నాకు సమాధానం దొరకలేదు. లైసెన్స్ వదిలేయడానికి అదొక్కటే కారణం కాదు గానీ, మొదటి కారణం అదే. ఇది మొత్తం చెప్పాను. ఈ తమ్ముడు "ఉంది" అని టిక్ పెట్టాడు. తండ్రి 54కి గుండెపోటుతో పోయిన సంగతి కూడా రాశాం. దానికి ఈసీజీ, ట్రెడ్‌మిల్ అదనంగా చేయించారు, రిపోర్టులు బాగున్నాయి, ప్రీమియం రూపాయి పెరగలేదు.

ఆ ఏజెంటు చుట్టమే ఇంకో మాటా అన్నాడు, తన దగ్గర 50,000 ఎండోమెంట్ తీసుకుంటే మొదటి ఏడాది కమీషన్ తిరిగి ఇచ్చేస్తానని. బీమా చట్టం సెక్షన్ 41 ప్రకారం అలా ఇవ్వడం నేరం, 10 లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అటుంచినా, ఒక్కసారి వచ్చే డిస్కౌంట్ చూసి 20 ఏళ్లు కట్టాల్సింది ఎంచుకోవద్దని చెప్పాను.

మిగతావి త్వరగా చెబుతాను. ఆయన పుట్టినరోజు మార్చిలో, అది దాటితే 37 ఏళ్ల రేటు పడుతుంది, ఆ లోపే ప్రపోజల్ పెట్టించాం (కొన్ని కంపెనీలు దగ్గరి పుట్టినరోజు చూస్తాయి, అక్కడ ఆరు నెలల ముందే వయసు మారిపోతుంది). నెలనెలా కడితే 2,130 చొప్పున ఏడాదికి 25,560, ఒకేసారి కడితే 24,200. ఏడాదికోసారే పెట్టాం, అందుకోసం బ్యాంకులో నెలకి 2,050 ఆర్‌డీ. కంపెనీ సైట్‌లో నేరుగా కొన్నాడు, అదే కవర్ ఏజెంటు ద్వారా అయితే ఎక్కువ చెప్పారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాకి జీఎస్టీ లేదు, ఇదివరకైతే దీనిమీద 4,356 పడేది. రైడర్లలో (పాలసీకి అదనంగా జోడించే కవర్లలో) ప్రమాదంలో శాశ్వత వైకల్యానికి సంబంధించింది ఒక్కటే ఉంచాం, ఆయన పనిచేసే చోటుకి అది అవసరం, 24,200లో అదీ కలిసే ఉంది.

ఖర్చు లేకుండా చేసిన పని ఇంకొకటి. ఆయన స్నేహితుడి చిట్టీకి హామీ సంతకం పెట్టి ఉన్నాడు. అందుకని పాలసీని 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీయించాను. ప్రపోజల్‌తో పాటే ఒక ఫారం నింపాలి, తర్వాత కుదరదు. ఇలా తీస్తే ఆ డబ్బు భార్యాపిల్లలదే అవుతుంది, అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. తర్వాత మనసు మారితే లబ్ధిదారుల పేర్లు మార్చుకోలేం, అది తెలిసే సంతకం పెట్టాడు.

ఫిబ్రవరి చివరికి పాలసీ వచ్చింది. ఇప్పుడు ఆయన ఏడాదికి కట్టేది 26,000, 22,500, 24,200 కలిపి 72,700. కవర్ కోటీ 8 లక్షలు. ఏడాదికి 35,800 మిగులు. అందులో నెలకి 2,000 పాప పేర సుకన్య ఖాతాలోకి, మిగతాది అత్యవసరానికి. వెనక్కి వచ్చిన 59,340లో మొదటి ప్రీమియం, నా ఫీజు పోను మిగిలిన 32,140తో వాళ్లింట్లో మొదటిసారి ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశారు. ఎండోమెంట్‌లో నామినీగా ఇంకా చనిపోయిన తండ్రి పేరే ఉంది, అది మార్పించాం. మీ ఇంట్లో పాత బాండ్లుంటే ఇవాళే ఆ గడి చూడండి, పాతవాటిలో ఇది ఎంత ఎక్కువో చెప్పలేను.

ఒక పని మిగిలుంది. ఆయన ఎంచుకున్న కంపెనీ గత 12 నెలలుగా పొగాకు ముట్టనివాళ్లకి తక్కువ రేటు ఇస్తుంది. అంటే మానేసి ఏడాది నిండాక కొత్తగా దరఖాస్తు పెట్టి, టెస్టులో నికోటిన్ లేదని తేలి, కొత్త పాలసీ చేతికి వచ్చాకే పాతది ఆపాలి. వయసు ఒకటి రెండేళ్లు పెరిగినా 24,200 కంటే చాలా తక్కువే పడుతుంది. ఖైనీ ప్యాకెట్ మీదే ఉండే 1800-11-2356కి ఆయనే ఫోన్ చేశాడు. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టి, మూడోసారి ఆపాడు. ఆ తేదీని ఆమె మిషన్ పక్కన గోడ క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టింది. ఇప్పటికి నాలుగు నెలలు నిండాయి.